ఎర్ర రాడ్డు

పోయిన వారం మనం చిన్నక్కను మెషీన్ల డీలరు గేటు ముందు వదిలేశాం. స్కూటరు మీంచి ఒక కాలు దించి, లోపలికి వెళ్ళాలా, వచ్చిన దారినే తిరిగి పోవాలా అని తేల్చుకోలేక అక్కడే ఆగిపోయింది. కారణం గుర్తుండే ఉంటుంది. తండ్రి పోయాక చిన్నక్కా, వాళ్ళ అక్కా, బావా కలిసి నడుపుతున్న కట్టెల అడితిలో కొమ్మల్ని ముక్కలు కొట్టే పాత చిప్పర్ షాఫ్టు విరిగి కూలబడింది. కొమ్మల గుట్టలు షెడ్డు ఎత్తు దాటాయి. బాయిలర్ వాళ్ళు, నర్సరీ వాళ్ళు, బోర్డు ఫ్యాక్టరీ వాళ్ళు, చెక్క ముక్కలు ఎప్పుడిస్తారని ఫోన్ల మీద ఫోన్లు. ఏ మెషీన్ కొనాలో చూసి రమ్మని బావ చిన్నక్కను పంపాడు. తీరా వచ్చి చూస్తే గేటు అవతల, నీలం యూనిఫాంలో, కొత్త మెషీన్ పక్కన నిలబడి ఈల వేస్తున్నాడు ఈలన్న. బావ కుడిచెయ్యి పోవడానికి వీడే కారణమని ఇంటిల్లిపాదీ రెండేళ్ళుగా శాపనార్థాలు పెడుతున్న మనిషి.

చిన్నక్క స్కూటరుకు స్టాండు వేసి లోపలికే నడిచింది.

ఇంజన్ హోరులో గొంతు వినపడదని, ఆపడానికి ఒక ఈల, కానివ్వడానికి ఇంకో ఈల అలవాటు చేసుకున్నందుకు అడితిలో మెషీన్ నడిపే రోజుల్లో అతనికి ఈలన్న అని పేరు పడింది. ఆమెను చూడగానే ఆ ఈల నోట్లోనే ఆగిపోయింది. భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకుని, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు.

"బాగున్నారా చిన్నక్కా?"

"మెషీన్ చూడ్డానికొచ్చాను," అంది ఆమె.

ఈలోగా డీలరు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆయనకు నోరు మూసుకోవడం ఒక శిక్ష. "రండి మేడం, రండి! ఏ సైజు ముక్క కావాలంటే ఆ సైజు. మీరు అడగడమే ఆలస్యం!"

"ఒక సైజుతో మాకు కుదరదండీ. బాయిలర్‌కి అగ్గిపెట్టెంత ముక్క కావాలి. బోర్డు ఫ్యాక్టరీకి బొటనవేలి గోరంత, అదీ అన్నీ ఒకేలా ఉండాలి. నర్సరీకి మొక్కల మొదట్లో పరచడానికి కందిబద్దంత చాలు. మూడూ ఒకే మెషీన్లోంచి రావాలి."

"ఇదిగో, ఇది తీసుకోండి," అని డీలరు ఒక మెషీన్ మీద ఆప్యాయంగా తట్టాడు. దాని కడుపులో బండిచక్రమంత ఉక్కు డిస్కు, దాని ముఖానికి బిగించిన బ్లేడ్లు. ఈలన్న తిన్నని వాసం ఒకటి అందులో పెట్టాడు. కొలిచి కోసినట్టు ముక్కలు వచ్చి పడ్డాయి. డీలరు ఆ ముక్కల్ని దోసిట్లోకి తీసుకుని పెళ్ళికూతురి నగలు చూపించినట్టు చూపించాడు.

చిన్నక్క అవి చూసింది గానీ తాకలేదు. గోడ వారగా, ఎవరో చెట్టు కొట్టేసి పారేసిన వంకర కొమ్మ ఒకటి పడి ఉంటే, దాన్ని ఈడ్చుకొచ్చింది. "ఇది పెట్టండి. మాకొచ్చేవి ఇలాంటివే. రోడ్ల పక్కన కొట్టేసినవి, తోటల్లో కత్తిరించినవి. మా ఇంట్లో మనుషుల్లాగే, ఒక్కటీ తిన్నగా ఉండదు."

డిస్కు ఆ కొమ్మను సగం దాకా మింగి, మూలిగి, బిగుసుకుపోయింది. డీలరు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పక్క మెషీన్లో డిస్కుకు బదులు డ్రమ్ము ఉంది. దానికి ఎంపికలు లేవు. వంకర కొమ్మ, చీలిన మొద్దు, ఏది అందిస్తే అది నమిలేస్తుంది. డ్రమ్ము వెనక ఒక ఇనప జల్లెడ ఉంటుంది. ముక్క ఆ కన్నాల్లో పట్టేదాకా మళ్ళీ మళ్ళీ నరుకుతూనే ఉంటుంది తప్ప బయటికి వదలదు. జల్లెడ మారిస్తే ముక్క సైజు మారుతుంది. ఈలన్న ముందు పెద్ద జల్లెడతో, తర్వాత చిన్నదానితో కొట్టి చూపించాడు. చిన్నక్క రెండో కుప్పలోంచి పిడికెడు తీసుకుని, అరచేతిలో నలిపి, ఉఫ్‌మని ఊదింది. పిండిలాంటి పొట్టు ఎగిరింది.

"పొట్టు ఎక్కువగా ఉంది. నర్సరీ వాళ్ళు ఏమీ అనరు. బోర్డు వాళ్ళు దీన్ని గేటులోకే రానివ్వరు."

"బోర్డు వాళ్ళకి చిన్న జల్లెడ పెట్టకూడదు," అన్నాడు ఈలన్న. "పెద్ద జల్లెడ ఉంచేసి, కొమ్మను లాగే రోలర్ల వేగం తగ్గించాలి. మెల్లగా లోపలికెళ్తే బ్లేడే చిన్న ముక్క కోస్తుంది. జల్లెడలో పడి నలగాల్సిన పని ఉండదు. మిగతాదంతా బ్లేడు పదును. అది ఎలాగూ మీ చేతిలో ఉంటుంది."

అడితిలో బ్లేడ్లు సాన పట్టేది చిన్నక్కే. ఆ మాటకు ఆమె పెదవి నవ్వబోయింది. ఎవరితో నవ్వబోతోందో గుర్తొచ్చి బిగించుకుంది.

ఆ చెప్పినట్టే రోలర్ల వేగం తగ్గించి ఇంకో కొమ్మ పెట్టాడు. ముక్కలు బాగానే వస్తున్నాయి. అంతలో కొమ్మకున్న పక్కరెమ్మ ఒకటి తిరిగి, మెషీన్ మూతి చుట్టూ ఉన్న ఎర్ర రాడ్డుకు తగిలింది. టక్కున రోలర్లు ఆగిపోయాయి.

పాత మెషీన్‌కీ అలాంటి రాడ్డే ఉండేది. మనిషి ఒళ్ళు ఎక్కడ తగిలినా లోపలికి లాగే రోలర్లు ఆగిపోవాలి. అందుకే పెట్టారు దాన్ని. రెండేళ్ళ కిందట బావ చేతి గ్లవ్వు ఒక రెమ్మకు చిక్కుకుని చెయ్యి లోపలికి పోతున్నప్పుడు, ఆయన నడుము ఆ రాడ్డుకే అదిమి ఉంది. అయినా రోలర్లు ఆగలేదు. రాడ్డును కదలకుండా ఎవరో బైండింగ్ వైరుతో కట్టేశారు. ఆపరేటరు ఈలన్న. కట్టింది ఇంకెవరు అనుకున్నారు అందరూ.

డీలరు ఫోను మోగి, ఆయన మాట్లాడుతూ అవతలికి వెళ్ళాడు. చిన్నక్క వేలితో ఆ ఎర్ర రాడ్డును నెట్టింది. బలం పెట్టాల్సిన పనే లేకపోయింది.

"ఇంత తేలిగ్గా ఆగిపోతుందా?"

"ఆగాలనేగా పెట్టింది. పాతదీ ఇంతే."

"మరి నువ్వెందుకు కట్టావు?" రెండేళ్ళుగా అడగకుండా మింగిన మాట అది.

ఈలన్న ఇంజన్ ఆపేశాడు. "నేను కట్టలేదు చిన్నక్కా."

"ఇప్పుడు ఎవరైనా అంటారు."

"అప్పుడే అన్నాను. ఆసుపత్రి మెట్ల మీద మీ అక్కతో అన్నాను. 'నేను కట్టలేదమ్మా, మెషీన్ వేసేముందు రాడ్డు చూసుకోలేదు, నా తప్పు ఆ మేరకే' అన్నాను." అతను ఇంజన్ వైపే చూస్తూ మాట్లాడాడు. "ఆవిడ 'నాకు తెలుసు' అన్నారు."

"ఏమని?"

"'నువ్వు కట్టలేదని నాకు తెలుసు, కానీ నువ్వు ఇక్కణ్ణించి వెళ్ళిపో' అన్నారు. వెళ్ళిపోయాను. నేను వచ్చేసరికి నా సామాను గేటు బయట పడి ఉంది."

ఆ సామాను గేటు బయటికి విసిరింది చిన్నక్క చేతులే. మూట విప్పుకుపోయి చొక్కాలు బురదలో పడటం కూడా ఆమె కళ్ళతో చూసింది.

డీలరు తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే డ్రమ్ము మెషీన్‌ను ట్రయల్‌కి అడితికి పంపిస్తానన్నాడు. "మెషీన్‌తో పాటు మా వాడు వస్తాడు మేడం. నడపడం తెలిసినవాడు నా దగ్గర ఇతనొక్కడే."

చిన్నక్క ఈలన్న వంక చూసింది. "వస్తావా?"

"రమ్మంటే వస్తాను. తల దించుకుని మాత్రం రాను."

* * *

ఇంటికొచ్చేసరికి అక్క వసారాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. బావ కొత్త చొక్కాకి గుండీలు కత్తిరించేసి, వాటి చోట అంటుకునే పట్టీలు కుడుతోంది. చెయ్యి పోయిన కొత్తలో, గుండీలు పెట్టుకోలేక బావ చొక్కాలు చించి పోగులు పెట్టేవాడు. ఒకరోజు అక్క ఒక్క మాటైనా అనకుండా బీరువాలో చొక్కాలన్నీ తెచ్చి మిషన్ పక్కన పోసుకుంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయనకు గుండీ ఉన్న చొక్కా లేదు. అక్కను తలుచుకుని చిన్నక్క గర్వపడే విషయాల్లో అదొకటి. ఈ పూట మాత్రం ఆ చొక్కా వైపు చూడకుండా మెట్ల దగ్గరే నిలబడింది.

"ఏది బాగుంది?" అంది అక్క, తలెత్తకుండా.

"డ్రమ్ముదే. రేపు ట్రయల్."

"మూడు సైజులూ వస్తాయా?"

"వస్తాయి. మెషీన్‌తో ఈలన్న వస్తున్నాడు."

మిషన్ చప్పుడు ఆగింది. సూది చొక్కా కాలరులో దిగబడి ఉండిపోయింది.

"వద్దను."

"ఎందుకు?"

"ఎందుకేంటే? మీ బావ చూస్తే ఊరుకుంటారా?"

"బావ సంగతి తర్వాత. ఆసుపత్రి మెట్ల మీద నువ్వు అతనితో ఏమన్నావో అది చెప్పు ముందు."

అక్క లేచింది. ఆఫీసు గదిలో బావ ఫోనులో ఎవరికో సర్దిచెబుతున్న గొంతు వినిపిస్తోంది. ఆ వైపు కిటికీ చప్పుడు కాకుండా మూసి, గడియ కూడా పెట్టింది. ఆ గడియ పెట్టడం చూస్తే చాలు, ఈలన్న చెప్పింది నిజమని చిన్నక్కకు తెలిసిపోయింది.

"రాడ్డు నువ్వు కట్టావా అక్కా?"

"నాకు అప్పుడు ఆ రాడ్డు ఎక్కడుంటుందో కూడా తెలీదే." అక్క మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ఆయనే కట్టుకున్నారు."

చిన్నక్కకు వెంటనే అర్థం కాలేదు. ఆయనంటే ఎవరు అని అడగబోయి ఆగిపోయింది.

"అంతకు ముందు లోడు బోర్డు ఫ్యాక్టరీ వాళ్ళు తిప్పి పంపేశారు, గుర్తుందా? ముక్కల్లో పొట్టు ఎక్కువుందని. ఆ రాత్రంతా మీ బావ నిద్రపోలేదు. పొద్దున్నే నేను టీ తీసుకుని షెడ్డుకి వెళ్తే, వంగి వైరు చుడుతున్నారు. ఏం చేస్తున్నారండీ అన్నాను. 'ప్రతి రెమ్మకీ ఇది ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా కొమ్మ డ్రమ్ముకి ఆనుకుని అరిగి పొట్టు రాలుతోంది. ఒక్క లోడేగా, అవగానే విప్పేస్తా' అన్నారు. టీ తాగారు. గ్లాసు నా చేతికిచ్చారు." అక్క తన కుడిచేతి వంక చూసుకుంది. "ఆ చేత్తోనే ఇచ్చారు."

"నువ్వు వద్దనలేదా?"

"అది దేనికుందో నాకు తెలిస్తేగా! మెషీన్ గురించి ఆయనకి నేను చెప్పేదేంటి అనుకున్నాను. గ్లాసు కడుక్కుంటుంటే అరుపు వినపడింది."

చిన్నక్కే మళ్ళీ అందుకుంది. "మరి బావ ఎందుకు చెప్పలేదు? తనే కట్టి ఈలన్న మీదికి ఎలా తోసేశాడు?"

"తోసెయ్యలేదే. ఆయనకి గుర్తు లేదు. ఆ పొద్దున అనేదే లేదు ఆయనకి, తుడిచిపెట్టుకుపోయింది. దెబ్బకి ఒక్కోసారి అలా అవుతుందని డాక్టరు కూడా అన్నారు. మెలకువ రాగానే అడిగింది ఒకటే, మెషీన్ ఎందుకు ఆగలేదని. రాడ్డు కట్టేసి ఉందంట అని మన బాబాయి అన్నాడు. ఇంకెవరు, ఆ ఈలగాడి పనే అన్నాడు."

"అప్పుడు చెప్పాల్సింది."

"చెబుదామనే నోరు తెరిచాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను." అక్క గొంతు ఇప్పుడు గట్టిగా ఉంది, తనను తాను ఎన్నిసార్లో ప్రశ్నించుకుని చెప్పుకున్న జవాబు కాబట్టి. "తిండి వద్దు, నీళ్ళు వద్దు, బతుకే వద్దని గోడ వైపు తిరిగి పడుకున్న మనిషే! వాణ్ణి వదలను అంటూ లేచి కూర్చున్నారు. ఆ కోపం మీదే అన్నం తిన్నారు. ఆ కోపం మీదే ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నారు. లేచి కూర్చున్న మనిషిని, నీ చెయ్యి నువ్వే పోగొట్టుకున్నావని చెప్పి మళ్ళీ పడుకోబెట్టమంటావా?"

"అతను పడ్డది కనిపించలేదా నీకు? స్విచ్చు మీదికి దూకింది ఈలన్న. అతను దూకకపోతే బావకి భుజం కూడా దక్కేది కాదు. ఏ అడితికి వెళ్ళినా, ఓనరు చెయ్యి పోగొట్టినవాడు వచ్చాడని గేటు దగ్గరే తిప్పి పంపేవాళ్ళట. అతని బట్టలు నేను బురదలో పడేశానక్కా. నిన్ను చూసి, నీ ఏడుపు చూసి."

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావు."

"ఊరుకున్నాను. మొదటి రోజు చెప్పలేకపోయాను. రెండో రోజుకి అది మన ఇంట్లో నిజమైపోయింది. మూడో రోజు నుంచి దాని మీదే ఇల్లు నిలబడి ఉంది. నువ్వు లాగితే ఏది పడుతుందో చూసుకుని లాగు."

"బావకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"ఈ ట్రయల్ కానివ్వు."

"తర్వాత ఇంకేదో వస్తుంది. మెషీన్ బిగించేదాకా అంటావు. లోడు వెళ్ళేదాకా అంటావు."

అక్క సూదిని పైకెత్తి, చొక్కా బయటికి లాగింది. కాలరు దగ్గర కుట్టు వంకర పోయింది. దాన్ని విప్పడం మొదలుపెట్టి, దారం తెంపుతూ నెమ్మదిగా అంది. "ఆయన షెడ్డు వైపు ఎలాగూ రారు. రెండేళ్ళలో ఒక్కసారైనా వచ్చారా? అతను వచ్చి పని చూసుకుని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత నేనే చెబుతాను. మాటిస్తున్నాను."

చిన్నక్క ఆ మాట నమ్మిందో లేదో ఆమెకే తెలీదు. చెప్పులు కాళ్ళకుండగానే బయటికి వెళ్ళి, సాన పట్టాల్సిన బ్లేడ్లు ముందేసుకుని కూర్చుంది. ఎంతసేపైనా ఒక్కదానికీ పదును తేలలేదు.

* * *

షెడ్డు వైపు రాడన్న బావ మర్నాడు అందరికంటే ముందే వచ్చాడు.

బోర్డు ఫ్యాక్టరీ నుంచి ముక్కలు పరీక్షించే ఆయన స్వయంగా వస్తున్నానని ఫోను చేశాడట. ఆయనకు అడితిలో జల్లెడల సారు అని పేరు. ఎక్కడికి వెళ్ళినా ఒకదానిలో ఒకటి ఇమిడే జల్లెడల దొంతర చంకలో పెట్టుకుని తిరుగుతాడు, ముక్కల్ని అందులో పోసి ఊపి, ఏ సైజువి ఎన్ని నిలిచాయో చూస్తాడు. ఆయన తల ఊపితే బోర్డు ఫ్యాక్టరీ అడితితోనే ఉంటుంది. లేదంటే ఇంకో అడితిని చూసుకుంటుంది. అలాంటి రోజున బావ ఆఫీసు గదిలో కూర్చోలేకపోయాడు. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్ను పెట్టించుకుని, షెడ్డు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, తల వంచి లోపలికి నడిచాడు.

"చూశావా మరదలా, వచ్చేశాను," అన్నాడు. మొహాన చెమట పట్టి ఉంది. ఒకప్పుడు షెడ్డంతా నవ్వించిన మనిషి అతను. ఆ గొంతులో ఆ మనిషి తాలూకు ఛాయ ఒకటి వినిపించి, చిన్నక్కకు కళ్ళు తిప్పుకోవాల్సి వచ్చింది.

అప్పుడే డీలరు లారీ గేటులోకి తిరిగింది. మెషీన్ దిగింది. దాని వెనకే ఈలన్న దిగాడు.

బావ మొహంలో రంగు మారింది. "వీణ్ణెవరు రానిచ్చారు?"

"మెషీన్‌తో వచ్చాడు బావా. నడిపేవాడు డీలరు దగ్గర ఇంకెవరూ లేరు."

జల్లెడల సారు అప్పటికే వచ్చి తన దొంతర బల్ల మీద పరుస్తున్నాడు. ఆయన ముందు గొడవ పడటానికి లేదు. బావ పళ్ళు బిగించి, "పని చేసి పొమ్మను. నా వంక చూడొద్దని చెప్పు," అన్నాడు, ఈలన్న వినేలాగే. ఈలన్న విన్నాడు. అయినా చూశాడు, తిన్నగా, మామూలుగా. తర్వాత ఇంజన్ వేశాడు.

బాయిలర్ ముక్క మొదటిసారికే కుదిరింది. జల్లెడ మార్చి నర్సరీకి కొట్టారు, అదీ బాగుంది. అసలు పరీక్ష బోర్డు ముక్కతో. ఈలన్న పెద్ద జల్లెడ బిగించి, రోలర్ల వేగం తగ్గించి, వంకర కొమ్మ అందుకున్నాడు. కొమ్మ సగం వెళ్ళిందో లేదో పక్కరెమ్మ ఎర్ర రాడ్డుకు తగిలింది. టక్‌. రోలర్లు ఆగాయి. మళ్ళీ వేశాడు. ఇంకో రెమ్మ. టక్‌. ఆగిన ప్రతిసారీ లోపల డ్రమ్ము కొమ్మ కొసను గీకుతున్న చప్పుడు, ముక్కలు చిమ్మే గొట్టంలోంచి పొగలాగా పొట్టు.

జల్లెడల సారు పిడికెడు ముక్కలు పోసి ఊపాడు. అడుగు పళ్ళెంలో పొట్టు పేరుకుంది. ఆయన వాచీ చూసుకున్నాడు.

"పక్కరెమ్మలు ముందే కొట్టేసి పెడితే రాడ్డుకి తగలవు," అన్నాడు ఈలన్న చిన్నక్కతో. "కత్తి ఇప్పించండి, కాసేపట్లో అయిపోతుంది."

"కాసేపా?" బావ ముందుకొచ్చాడు. కొమ్మల గుట్ట వంక, జల్లెడల సారు వంక, పొట్టు వంక మార్చి మార్చి చూశాడు. మెషీన్ హోరు, పచ్చి చెక్క వాసన, ఎదురుచూస్తున్న మనిషి. బావకు తను ఆఫీసు గదిలో మనిషినన్న సంగతి, రెండేళ్ళు గడిచాయన్న సంగతి మనసులోంచి జారిపోయినట్టుంది. పాత బావ గొంతుతో, చిరాగ్గా, చనువుగా అరిచాడు:

"ఏంటయ్యా ప్రతి రెమ్మకీ ఈ ఆగడం! ఆ రాడ్డు కట్టేయండి. బైండింగ్ వైరు స్తంభం మేకుకి ఉంటుంది చూడు. ఒక్క లోడేగా, అవగానే విప్పేద్దాం!"

ఎవరూ కదలలేదు. ఈలన్న చేతిలో కొమ్మ అలాగే ఉండిపోయింది.

ఎవరూ కదలడం లేదని బావే స్తంభం దగ్గరికి వెళ్ళి, మేకుకున్న వైరు చుట్టను ఎడమచేత్తో లాక్కున్నాడు. కొసను పళ్ళతో పట్టి చాపుకుంటూ మెషీన్ మూతి దగ్గరికి వచ్చి, రాడ్డు మీదికి వంగాడు.

చిన్నక్క ఒక్క అంగలో వెళ్ళి ఇంజన్ స్విచ్చు మీద అరచేత్తో కొట్టింది.

డ్రమ్ము తిరిగి తిరిగి, మెల్లగా ఆగిపోయింది.

"ఎందుకు ఆపావు?" అన్నాడు బావ. వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. మరదలి మొహం చూశాడు. రెండేళ్ళుగా తిడుతున్న ఈలన్న మొహం చూశాడు. అందులో భయం లేదు, కోపం కూడా లేదు. ఉన్నది జాలి. దాన్ని తట్టుకోలేనట్టు చప్పున నిలబడ్డాడు. "ఏంటి? ఏంటి అందరూ అలా చూస్తారు నన్ను?"

చిన్నక్కకు మాట నాలిక చివర దాకా వచ్చింది. రాత్రంతా దాన్ని ఎలా చెప్పాలో వెతుక్కుంది గానీ, ఇలాంటి సమయంలో చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు. జల్లెడల సారు తనకు సంబంధం లేని చోట ఇరుక్కున్నవాడిలా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"బావా..." అని మొదలుపెట్టింది.

"నువ్వుండు."

గడపలో అక్క. మెషీన్ చప్పుడు మధ్యలో ఆగిపోయేసరికి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. పమిట చెంగు తడిసి ఉంది. భర్తను చూసింది, ఆయన చేతిలో వైరు చూసింది. ఆ పొద్దున టీ తీసుకొచ్చి చూసిన దృశ్యమే, చెయ్యి మాత్రం మారింది. ఇక ఎవరూ ఆమెకు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఆమె లోపలికి వచ్చేలోగా ఈలన్న గుడ్డ భుజాన వేసుకుని గేటు వైపు తిరిగాడు.

"వెళ్ళకు," అంది అక్క. "నీ ముందే చెప్పాలి. ఇక్కడే ఉండు."

తర్వాత భర్త ఎదురుగా వెళ్ళి చెయ్యి చాపింది. "ఏవండీ, ఆ వైరు నాకివ్వండి. ఇచ్చి, ఇలా కూర్చోండి."

బావ ఇవ్వలేదు, కూర్చోలేదు. వైరును పిడికిట్లో బిగించి దానివైపే చూస్తున్నాడు. ఆయన వేళ్ళు తెలియకుండానే దాన్ని మెలితిప్పుతున్నాయి, ఒక మెలిక, దాని మీద ఇంకో మెలిక. ఉన్నట్టుండి ఆ వేళ్ళు ఆగిపోయాయి.

"ఆ రోజు పొద్దున," అన్నాడు, గొంతు ఎవరిదో అయిపోయి, "నువ్వు నాకు టీ తెచ్చావు కదూ?"